సముద్రానికి వెళ్లే దారిలో చుట్టాలిళ్లు

రండి, అలా గుమ్మంలోనే నిలబడిపోతే ఎలా, ఈ చాప మీదికి జరిగి కూర్చోండి. ఫ్యాను గాలి ఇటే బాగా వస్తుంది. నేను ఐదో తరగతితో పలక పక్కన పెట్టినదాన్ని. పెద్ద పెద్ద మాటలు నాకు రావు గానీ, జరిగింది జరిగినట్టు చెప్పమంటే మాత్రం ఆ రోజు ఎవరు ఏ చీర కట్టుకున్నారో, ఎవరి విస్తట్లో ఏది మిగిలిందో కూడా చెప్పగలను.

ఆ రోజుల్లో, అంటే నేను గుడివాడకి కాపరానికి వచ్చిన కొత్తలో, ఊళ్లు చూడటానికని ప్రయాణం కట్టడం మా వైపు ఎవరికీ తెలీదు. వెళ్తే పెళ్లికి వెళ్లాలి, లేకపోతే పలకరింపుకి వెళ్లాలి, కాకపోతే మొక్కు తీర్చుకోవడానికి వెళ్లాలి. బందరు పక్కన సముద్రం ఉందని అందరికీ తెలుసు, ఉంటే ఉంది, దాన్ని పని మానుకుని చూసేదేముంది అనుకునేవాళ్లం. (నేను కూడా అప్పటికి సముద్రం చూడలేదు. ఉప్పు చేప తిన్నదాన్ని కాబట్టి చూసినట్టే లెక్క అనుకునేదాన్ని.) పైగా మా కృష్ణా జిల్లాలో ఏ రోడ్డెక్కినా ఊరికొక చుట్టం. రోడ్డు మీద ఇల్లున్న చుట్టం గుమ్మం ముందు నుంచి ఆగకుండా వెళ్లారంటే ఇక చూసుకోండి, ఆ మాట ఏళ్లు గడిచినా ఏదో ఒక పెళ్లి పందిట్లో పైకి లేస్తుంది. "మా ఇంటి ముందు నుంచే వెళ్లారంట వదినా, మేం వాళ్ల కంటికి ఆనలేదంట" అని ఒకళ్లు అంటే, "ఆనకేం, కార్లో ఉన్నారు కదా" అని ఇంకొకళ్లు అంటారు. అందుకని మా అత్తగారు ఎక్కడికి బయల్దేరినా, ముందురోజే దారి పొడుగునా కబుర్లు పంపేవారు. "ఏమీ చెయ్యొద్దు, ఊరికే అలా వచ్చి ఇలా వెళ్లిపోతాం" అని. ఏమీ చెయ్యొద్దు అంటే మా వైపు అర్థం ఏమిటంటే, పప్పు నానబొయ్యమని.

అలాంటి రోజుల్లో మా ఆడపడుచుని తొలికాన్పుకి దిగబెట్టడానికి వాళ్ల అత్తగారు మా ఇంటికి వచ్చారు. అనంతపురం పక్కన ఊరు వాళ్లది. మేమందరం ఆవిడని అనంతపురం అమ్మ అనేవాళ్లం. పొడుగ్గా, ఎండిన తాటిమట్టలా ఉండేవారు. మాట చాలా తక్కువ. ఏం పెట్టినా "చాలమ్మా", ఏం అడిగినా "ఏం లేదులేమ్మా". మా అత్తగారికి అది పెద్ద పరీక్ష అయిపోయింది. వియ్యపురాలు మెచ్చుకుంటున్నదో నొచ్చుకుంటున్నదో తెలియక రోజుకొక పిండివంట చేయించేవారు. చేసేదాన్ని నేను కాబట్టి ఆ పరీక్ష నాకు కూడా పెద్దదే.

ఒక మధ్యాహ్నం మా ఆడపడుచు నన్ను పెరట్లోకి పిలిచి చెప్పింది. "వదినా, మా అత్తయ్య ఎవరినీ ఏదీ అడగరు. ఈ ప్రయాణం కట్టేటప్పుడు మాత్రం ఒక్కటే అన్నారు, సముద్రం చూడొచ్చు కదా అని. వాళ్ల వీధిలో ఒక్కళ్లు కూడా సముద్రం చూసినవాళ్లు లేరు. ఈవిడ చూసొస్తానని అందరికీ చెప్పి వచ్చారు. చూపించకుండా పంపిస్తే పైకేమీ అనరు. నేను పురుటి తర్వాత ఆ ఇంటికే వెళ్లాలి, ఆ వీధిలోనే నీళ్లు పట్టుకోవాలి. కాస్త నువ్వే చూసుకో" అంది. ఆ నువ్వే చూసుకో అన్నమాట ఎంత బరువైందో అప్పుడు నాకు తెలియలేదు. చూసుకుంటాలే అని పొట్ట నిమిరి పంపించాను.

మొదట మంగినపూడి వెళ్దామని బందరు బస్సెక్కాం. బందరులో దిగిన చోటికి దగ్గరలోనే మా అత్తగారి మేనమామ ఇల్లు. కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి, వెంటనే సముద్రానికి వెళ్లిపోదామన్నది ఏర్పాటు. మంచినీళ్లతో పాటు లడ్డూ వచ్చింది. లడ్డూ తర్వాత హల్వా వచ్చింది. హల్వా తర్వాత, ఇంత దూరం వచ్చి భోంచెయ్యకుండా ఎలా అని ఆకులు పరిచారు. ఆ మావయ్య కూర్చోబెట్టి కొసరి కొసరి వడ్డించే మనిషి. నేను కాస్త ధైర్యం చేసి "మావయ్యగారూ, ఎండ ముదిరేలోగా సముద్రం" అన్నాను. "సముద్రం ఎక్కడికి పోతుందే అమ్మాయ్. చారు చల్లారిపోతుంది" అన్నారు. భోజనాలయ్యాక అందరికీ చాపలు వేశారు. లేచేసరికి కాఫీలు. కాఫీలయ్యేసరికి, చీకటి పడితే ఆడవాళ్లం ఇబ్బంది పడతామని ఆయనే వచ్చి మమ్మల్ని గుడివాడ బస్సెక్కించారు. బస్సు కదిలాక అనంతపురం అమ్మ కిటికీలోంచి వెనక్కి చూస్తూ "సముద్రం ఆ పక్కనేనా?" అని అడిగారు. అవునమ్మా అన్నాను. "గాలి బాగుండాది" అన్నారు, అంతే. ఒళ్లో లడ్డూల పొట్లం పెట్టుకుని ఆ దిక్కు కనపడినంతసేపూ చూస్తూనే ఉన్నారు. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇక ఆవిడ తిరుగు ప్రయాణానికి ముందురోజు. ఈసారి మా అత్తగారే పూనుకుని టాక్సీ మాట్లాడించారు. మోపిదేవిలో సుబ్రహ్మణ్యస్వామికి కడుపుతో ఉన్న పిల్ల పేర పూజ, అక్కణ్ణుంచి హంసలదీవి, ఆపైన పాలకాయతిప్ప దగ్గర కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు. పుణ్యానికి పుణ్యం, సముద్రానికి సముద్రం. ఏర్పాటు బ్రహ్మాండంగానే ఉంది. కానీ పామర్రు నుంచి కోడూరు దాకా కబుర్లు కూడా వెళ్లిపోయాయి, ఏమీ చెయ్యొద్దని.

పామర్రులో పెసరట్లు. సరే, పొద్దున్నే కాబట్టి తినాల్సిందే. కూచిపూడి దాటాక మా అత్తగారి చిన్ననాటి స్నేహితురాలింట్లో కాఫీ. కాఫీ అని లోపలికి వెళ్తే వేడివేడి జంతికలు. చల్లపల్లిలో ఎవరూ లేరు కదా, బతికాం అనుకుంటున్నాను, ఈలోగా డ్రైవరు అన్నయ్య కారు స్లో చేసి, తల గోక్కుంటూ అద్దంలోంచి మా అత్తగారి వైపు చూశాడు.

"ఏంటయ్యా?" అన్నారు మా అత్తగారు.

"ఏం లేదండీ. ఇది మా అత్తారి ఊరండి. ఆ కనపడే డాబా పక్కదే ఇల్లండి. బండిలో వెళ్తా ఆగకపోతే మా ఆవిడ నన్ను ఇంట్లోకి రానివ్వదండి."

మా అత్తగారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అయ్యో, అదేం మాట. అల్లుడివి, ఆగకుండా ఎలా వెళ్తావు. పద పద" అన్నారు. అల్లుడొచ్చాడని వాళ్లు కొబ్బరిబొండాలు దింపించారు. అల్లుడితో పాటు మాకూ బొట్టు పెట్టి, తలొక చక్రకేళీ అత్తం చేతిలో పెట్టారు. (అత్తం అంటే అరటిపళ్ల గెలలో ఒక వరస. మా వైపు వట్టి చేతుల్తో పంపడం లేదు.) కారు డిక్కీ అప్పటికే పురిటి ఇంటికి వెళ్లే సారె బండిలా ఉంది. అనంతపురం అమ్మ ప్రతి ఇంట్లోనూ ఒక ముద్ద తినేవారు, ఒక దణ్ణం పెట్టేవారు, మళ్లీ వచ్చి కిటికీ పక్కన కూర్చునేవారు. కారు కదిలినప్పుడల్లా మెడ కాస్త ముందుకు చాచి చూసేవారు, మలుపు తిరగ్గానే సముద్రం వస్తుందేమో అన్నట్టు. మలుపు తిరిగితే వరి చేలే.

మోపిదేవిలో పూజ బాగా జరిగింది. అక్కడ ఒక చుట్టం కాని చుట్టం మమ్మల్ని గుర్తుపట్టి పులిహోర ప్రసాదం దోసిలి నిండా పెట్టారు. బయటికి వచ్చి చూస్తే సూర్యుడు నడినెత్తి దాటి అప్పుడే పడమరకి వాలుతున్నాడు. అవనిగడ్డ రాకముందే మా అత్తగారు నిద్రపోయారు. ఆవిడ నిద్ర మామూలు నిద్ర కాదు, గురక వింటే రోడ్డు పక్కన గేదెలు తలెత్తి చూస్తాయి. నేను ఆ గురక వింటూ లెక్క చూసుకున్నాను. ముందున్నది కోడూరు. అక్కడ మా అత్తగారి సొంత చెల్లెలు, మా చిన్నత్తయ్య ఇల్లు. సరిగ్గా రోడ్డు మీదే. ఆవిడ చేతికి దొరికితే ఆకు వెయ్యకుండా, ఆకు మీద మూడు కూరలు వెయ్యకుండా, ఆ పూట అక్కడే పడుకోబెట్టకుండా వదలదు. రేపు పొద్దున్నే పెద్దావిడ ప్రయాణం. ఇక సముద్రం మాట మళ్లీ జన్మకే.

మీరు నమ్మండి నమ్మకపోండి, అత్తగారి ముందు తలెత్తి మాట్లాడటానికే భయపడే పిల్లని, ముందుకు వంగి డ్రైవరు అన్నయ్యతో గుసగుసగా అన్నాను. "అన్నయ్యా, కోడూర్లో ఆపొద్దు. హారను కొట్టొద్దు. గతుకుల్లో వెయ్యొద్దు. ఈవిడకి మెలకువ రాకూడదు."

"అమ్మో, రేపు నన్నంటారమ్మా" అన్నాడు.

"నీ అత్తారింట్లో ఆగాం కదా" అన్నాను. తల గోక్కుని గేరు మార్చాడు.

కోడూరు వచ్చింది. చిన్నత్తయ్య ఇల్లు దూరం నుంచే కనపడింది. వాకిలి కడిగి ముగ్గు పెట్టి ఉంది. రోడ్డు మీదే, కాళ్లు కడుక్కోవడానికి చేతిలో నీళ్ల చెంబు, భుజం మీద తువ్వాలు, చిన్నత్తయ్య నిలబడి ఉంది. ఎప్పట్నుంచి నిలబడి ఉందో, చెంబు పట్టుకున్న తీరు చూస్తేనే తెలుస్తోంది. నేను తల కిందికి వంచేశాను. నన్ను చూసి అనంతపురం అమ్మ కూడా, ఎందుకో ఏమిటో అడగకుండా, ఆ పొడుగు మనిషి తల మోకాళ్ల మీద పెట్టేసుకున్నారు. ఇద్దరం దాక్కున్నాం గానీ, దాక్కోవాల్సిన అసలు మనిషి కిటికీకి చెంప ఆనించి, నోరు తెరుచుకుని, దర్జాగా నిద్రపోతున్నారన్న సంగతి నాకు ఆ తొందర్లో తట్టలేదు. కారు మెల్లగా, మర్యాదగా, సొంత అక్క మొహాన్ని చెల్లెలికి స్పష్టంగా చూపించుకుంటూ ముందుకు సాగిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే చిన్నత్తయ్య చెంబులో నీళ్లు రోడ్డు మీద పారబోసి లోపలికి వెళ్తోంది.

హంసలదీవి గుడి దగ్గర బయటి నుంచే దణ్ణం పెట్టించాను. గుడి దాటాక అప్పట్లో సరైన రోడ్డు లేదు, చవుడు నేల మీద బండ్ల జాడలే దారి. సముద్రం హోరు మాత్రం వినపడుతోంది. అనంతపురం అమ్మ మొదటిసారి నా చెయ్యి పట్టుకున్నారు. "అదేనా?" అన్నారు. అదేనమ్మా, వచ్చేశాం అన్నాను. ఆ మాట నా నోట్లో ఉండగానే కారు ఒక పక్కకి ఒరిగి, చక్రం బురదలో సగం దాకా దిగిపోయింది. డ్రైవరు అన్నయ్య రేసు ఇచ్చిన కొద్దీ ఇంకా దిగింది. ఆ కుదుపుకి మా అత్తగారు కళ్లు తెరిచారు.

"కోడూరు వచ్చిందా?"

డ్రైవరు అన్నయ్య చక్రం చూసే నెపంతో కిందికి దిగిపోయాడు.

"దాటిపోయామండీ అత్తయ్యా" అన్నాను.

"దాటిపోవడం ఏంటి? చెల్లి ఇంటి ముందు ఆగలేదా? అది చూసిందా?" అన్నారు. చూసిందండీ అన్నాను. మా అత్తగారు చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయారు. "అయిపోయింది. దాని మొహం నేనింక చూడలేను. మా అమ్మ బతికుంటే ఏమనేది" అని. అటు చూస్తే సూర్యుడు దిగిపోతున్నాడు, ఇటు చూస్తే కారు దిగిపోతోంది. ముళ్లతుప్పలూ, ఇసకదిబ్బలూ అడ్డం. అవతల సముద్రం ఉంది, వినపడుతుంది, కనపడదు. బురదలో ఆ ముసలావిడని నడిపించి తీసుకెళ్లే ధైర్యం నాకు లేదు. అనంతపురం అమ్మ కారులోనే, చేతులు ఒళ్లో పెట్టుకుని "విన్నా కదమ్మా. చాలు" అన్నారు. ఆ చాలు అన్నమాటకి నాకు ఏడుపొచ్చేసింది.

అప్పుడు వెనక నుంచి ట్రాక్టరు చప్పుడు. వెనక కట్టిన ట్రక్కులో గిన్నెలూ, గంగాళమూ, అరిటాకుల కట్టా. వాటి మధ్యలో, ఒక చేత్తో పప్పుచారు గిన్నె మూత అదిమి పట్టుకుని, ఇంకో చేత్తో ట్రక్కు అంచు పట్టుకుని, నిలబడే వస్తోంది మా చిన్నత్తయ్య. తోలుతున్నది వాళ్లబ్బాయి. ట్రాక్టరు ఆగీ ఆగకముందే మొదలుపెట్టింది.

"ఏమే అక్కా. నిద్రొచ్చిందా? మా ఊరొచ్చేసరికే వచ్చిందా? పామర్రులో రాలేదు, చల్లపల్లిలో ఆ డ్రైవరు మావగారింట్లో బొండాలు తాగినప్పుడు రాలేదు, నా గుమ్మం ముందుకొచ్చేసరికి వచ్చిందా?" (బొండాల సంగతి అంత త్వరగా కోడూరు ఎలా చేరిందో నాకు ఇప్పటికీ తెలియదు.)

"నాకేం తెలీదే, ఒట్టు, ఈ పిల్లే" అని మా అత్తగారు నన్ను చూపించేశారు.

"కొత్త పిల్ల, దానికేం తెలుసు, నువ్వు నేర్పించుకోవాలి" అని చిన్నత్తయ్య నన్ను క్షమించినట్టూ, అక్కని తిట్టినట్టూ ఒకేసారి కానిచ్చింది. "పొద్దున్నుంచి కంద బచ్చలి చేశా, గుత్తొంకాయ చేశా, బూరెలు చేశా. ఇవన్నీ గేదెలకి పెట్టనా? ముందు ఆకులేస్తా. తిన్నాకే మా వాడు మీ కారుకి తాడు కడతాడు. తినకపోతే ఈ బురదలోనే ఉండండి."

మళ్లీ ఆకులు. సూర్యుడు చెట్ల మీదికి వచ్చేశాడు. నేను నోరు విప్పబోయేలోపు, అన్ని రోజులూ నోరు విప్పని అనంతపురం అమ్మ కారు తలుపు తీసుకుని దిగారు. చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకున్నారు. బురదలో నడుచుకుంటూ ట్రాక్టరు దాకా వెళ్లి, చిన్నత్తయ్య మొహంలోకి చూసి అన్నారు.

"చూడమ్మా. ఈ ఊరికొచ్చినప్పట్నుంచి మీరు పెట్టిందంతా తిన్నా, వద్దనలేదు. నువ్వు పెట్టేదీ తింటా, ఎన్నిసార్లు వడ్డించినా తింటా. కానీ ఈడ కాదు. ఆ సముద్రం కాడ పెట్టు. నన్ను ఈ బండెక్కించు."

చిన్నత్తయ్య ఒక నిమిషం ఆవిడని ఎగాదిగా చూసింది. తర్వాత కొడుకుతో "ఏరా, గుడ్లప్పగించి చూస్తావే. చెయ్యందించు" అంది.

అలా మేమందరం గిన్నెల మధ్య సర్దుకుని బయల్దేరాం. మా అత్తగారు బూరెల బేసిన్ ఒళ్లో పెట్టుకున్నారు, నేను పెరుగు గిన్నె పట్టుకున్నాను, డ్రైవరు అన్నయ్య డిక్కీలోని చక్రకేళీ అత్తాలు ఎత్తుకొచ్చాడు. ట్రాక్టరు తుప్పల్ని తొక్కుకుంటూ దిబ్బ ఎక్కింది. ఎక్కగానే ఒక్కసారిగా, అడ్డం ఏమీ లేకుండా, అంతా సముద్రమే. నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. పెరుగు కొంత నా చీర మీద ఒలికింది, చూసుకోలేదు.

అనంతపురం అమ్మ దిగి నాలుగడుగులు వేసి ఆగారు. వెనక్కి తిరిగితే చిన్నత్తయ్య ట్రక్కులోనే ఉండిపోయింది, సముద్రానికి వీపు పెట్టి, గిన్నెలు సర్దుతున్నట్టు. సర్దిన గిన్నెనే మళ్లీ సర్దుతోంది. మా అత్తగారు మెల్లగా నా చెవిలో చెప్పారు. ఉప్పెనలో చిన్నత్తయ్య మావగారూ, మరిదీ పోయారట. ఆ తర్వాత ఆవిడ గుడి దాకా వస్తుంది గానీ, గుడి దాటి ఒక్కసారి కూడా ఇటు రాలేదట. అక్క మీద కోపంలో ఆ గుడి దాటేశానన్న సంగతే ఆవిడకి తెలియలేదు. అనంతపురం అమ్మకి ఈ మాటలు వినపడ్డాయో లేదో నాకు తెలీదు. వెనక్కి వచ్చి, ట్రక్కు దగ్గర నిలబడి చెయ్యి చాచారు.

"నేను ఒక్కసారైనా చూడలేదు, నాకు భయమైతాంది. నువ్వు ఎరిగినదానివి. తోడు రామ్మా."

చిన్నత్తయ్య "నాకు వడ్డన ఉంది" అంది. అని, ఇంకాసేపు ఆ చేతి వైపు చూసి, దిగింది. ఇద్దరూ చేతులు పట్టుకుని నీళ్ల దాకా వెళ్లారు. అల వచ్చి పాదాలు తడిపింది. చిన్నత్తయ్య కళ్లు తుడుచుకుంటోంది. అనంతపురం అమ్మ వంగి, దోసిట్లో నీళ్లు తీసుకుని, నోట్లో వేసుకుని, వెంటనే ఉమ్మేశారు. "ఇన్ని నీళ్లుండి ఏం లాభమమ్మా, ఒక పిడికెడు కందులు ఉడకవు" అన్నారు. చిన్నత్తయ్య కళ్లు తుడుచుకుంటూనే ఫక్కున నవ్వింది. "దీని మొహం, దీనికి వంటొకటా" అని సముద్రాన్ని ఒక తిట్టు తిట్టింది. ఆ తిట్టు నేనిక్కడ చెప్పను గానీ, తిట్టాక ఆవిడ భుజాలు తేలికపడటం నేను కళ్లారా చూశాను.

ఇసకలోనే ఆకులు పరిచింది. గాలికి ఆకులు ఎగిరిపోతుంటే అంచుల మీద చక్రకేళీలు బరువు పెట్టాం. కంద బచ్చలిలో ఇసక, పప్పుచారులో ఇసక, బూరెలో కూడా ఇసకే. అనంతపురం అమ్మ సముద్రం వైపు తిరిగి కూర్చుని, అన్న మాట ప్రకారం, వడ్డించినన్ని సార్లూ తిన్నారు. నెయ్యి కూడా అడిగి వేయించుకున్నారు. సూర్యుడు దిగే దాకా అక్కడే ఉన్నాం. మా అత్తగారూ చిన్నత్తయ్యా అప్పటికి రాజీపడి, ఇద్దరూ కలిసి డ్రైవరు అన్నయ్యని తిట్టడం మొదలుపెట్టారు.

తాడు కట్టి కారుని బయటికి లాగించుకుని ఆ రాత్రే ఇల్లు చేరాం, మర్నాడు ఆవిడ వెళ్లిపోయారు. పురుడయ్యాక, పిల్లాణ్ణి ఎత్తుకుని మా ఆడపడుచు అత్తారింటికి వెళ్లి, కొన్నాళ్లకి మళ్లీ వచ్చినప్పుడు చెప్పింది. వాళ్ల వీధి వీధంతా ఆవిడ చుట్టూ చేరి, సముద్రం ఎట్లా ఉంది, ఎట్లా ఉంది అని అడిగారట. ఆవిడ చాలాసేపు ఆలోచించి, "బాగానే ఉండాది. ట్రాక్టరు మీద వచ్చి అన్నం పెడతారు" అన్నారట. అప్పట్నుంచి ఆ వీధిలో ఎవరు సముద్రం మాటెత్తినా, అక్కడ భోజనం ట్రాక్టరు ఎన్నింటికి వస్తుందని అడుగుతారట. మా ఆడపడుచుకి మాత్రం ఆ వీధిలో ఎక్కడికి వెళ్లినా పీట వేసేవారు. వాళ్ల వదినే కదా సముద్రం చూపించింది.

ఇప్పుడు పాలకాయతిప్ప దాకా మంచి రోడ్డే పడింది. పొద్దున్న బయల్దేరితే మధ్యాహ్నానికి తిరిగొచ్చేస్తున్నారు. కోడూరులో మా చిన్నత్తయ్య లేదు, ఆ ఇల్లు రోడ్డు వెడల్పులో పోయింది. మొన్న ఆ దారిన వెళ్తూ, ఆ చోటు రాగానే ఎందుకో నా తల దానంతట అదే కిందికి వంగిపోయింది. పక్కనున్నవాళ్లు ఏమైందని అడిగితే ఏం లేదన్నాను. అత్తగారి గురక ఆగకూడదని వేయి దేవుళ్లకి మొక్కుకుంటూ, ముసలావిడ పక్కన ముడుచుకుని కూర్చున్న ఆ పిచ్చిపిల్ల గుర్తొచ్చి, నాలో నేనే నవ్వుకున్నాను. ఆ పిల్లకి ఇప్పుడు కనపడగలిగితే, తల ఎత్తి చూడవే, పట్టుబడటమే మంచిదవుతుంది అని చెప్పాలనిపించింది.

ఇంతసేపూ ఓపిగ్గా విన్నారు. మీ ఇంటికొచ్చిన మనిషి ఏనాడూ ఆకలితో గుమ్మం దాటకూడదు, కోరిక మిగుల్చుకునీ దాటకూడదు. మీ పొయ్యి మీద ఎసరు ఎప్పుడూ మరుగుతూ ఉండాలి, మీ పిల్లాపాపలు చల్లగా ఉండాలి. ఇక లేస్తారా? లేవండి గానీ, చెయ్యి కడుక్కుని వంటింటి వైపు రండి. ఏమీ చెయ్యలేదులే.